బొల్లి మొహంలో బాధ లేదు

దొంతులంక గేదెలకు వరద కొత్త కాదు. శ్రావణం వచ్చిందంటే గోదావరి ఒకటికి రెండుసార్లు లంక మీదికి వచ్చి అందరినీ పలకరించి పోతుంది. అది వస్తోందన్న సంగతి గుబ్బల పల్లాలమ్మ ఇంట్లో అందరికంటే ముందు బొల్లికి తెలుస్తుంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ముసలి గేదె బొల్లి. అది పాయలోకి దిగుతుంది, దాని తోక పట్టుకుని పల్లాలమ్మ దిగుతుంది, వాళ్ళిద్దరినీ చూసి మిగతా గేదెలు దిగుతాయి. అంతా ఈదుకుంటూ అవతలి ఏటిగట్టు ఎక్కేస్తారు. పల్లాలమ్మ మొగుడు గనిరాజు మటుకు బియ్యం డబ్బా ఒళ్ళో పెట్టుకుని నాటుపడవలో వస్తాడు. ఈ పద్ధతి పల్లాలమ్మ అత్తగారి కాలం నుంచీ ఉన్నదే. ఇందులో ఇంతవరకూ ఏ శాఖకూ తప్పు కనిపించలేదు.

ఈ ఏడు కనిపించింది.

ఈసారి గట్టెక్కేసరికి అక్కడ కొత్త రేకుల గోదాం ఒకటి నిలబడి ఉంది. లోపల ఎండుగడ్డి మోపులు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. పక్కన దాణా బస్తాలు. గుమ్మం మీద ‘వరద బాధిత పశు సహాయ కేంద్రం’ అని బోర్డు, ఆ బోర్డు మీద ప్రత్యేకాధికారి చిదానందం గారి ఫొటో. ఫొటోలో ఆయన నిండుగా నవ్వుతున్నారు. అది ఆయన అలవాటు. ఎక్కడ కెమెరా కనిపించినా ఆయన పెదాలు వాటంతట అవే విచ్చుకుంటాయి. ఆ మధ్య ఆఫీసులో ఒక సంతాప సభ జరిగితే, ఆ ఫొటోలో కూడా పళ్ళన్నీ కనిపించింది ఆయనకే.

గోదాం చూడగానే పల్లాలమ్మ ప్రాణం లేచివచ్చింది. ఆమె వెంట బొల్లి కాక ఇంకా ఈనని, పేరు పెట్టని పడ్డ ఒకటి, కర్రి అనే గేదె ఒకటి ఉన్నాయి. కర్రి నిండు చూడి. ఈ వారమో పై వారమో ఈనాలి. రెండేళ్ళ కిందట వరదలో గట్టు మీద మేత దొరక్క, కర్రి నీరసించిపోయి చచ్చిన దూడను ఈనింది. ఆ దూడను గట్టు వాలులో పాతిపెట్టిన చోటు పల్లాలమ్మకు ఇప్పటికీ గుర్తే. ఈసారి ఆ పని చెయ్యడానికి ఆమెకు చేతులు రావు.

గోదాం ముందు బల్ల వేసుకుని చిదానందం గారు కూర్చున్నారు. ఆయనకు కుడిపక్క పశువుల డాక్టరు ఎస్తేరు, ఎడమపక్క ఫొటోలు తీసే ఉద్యోగం మీద వచ్చిన గుమాస్తా సూరిబాబు. పల్లాలమ్మ గేదెల్ని చిదానందం గారు కళ్ళజోడు పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చూశారు.

“పశువులు పొడిగా ఉన్నాయే.”

“ఆయ్. గట్టెక్కాక గడ్డితో రుద్దేనండి.”

“అంటే వరద రాకముందే తీసుకొచ్చేశారన్నమాట.”

“వచ్చేకా తెద్దారంటే కొట్టుకుపోతాయి కదండి.”

“అది మీ ముందుచూపు. దాన్ని శాఖ అభినందిస్తోంది. కానీ ముందుచూపు వల్ల బయటపడిన పశువు బాధిత పశువు కిందకు రాదు.” చిదానందం గారు ఒక పుస్తకం తెరిచారు. “పేరా నాలుగు, చిన్న అ. పశువు తన నివాస స్థలంలో ఉండగా వరదనీరు మోకాలి ఎత్తుకు తగ్గకుండా చేరి ఉండవలెను.”

“పాయలో మెడదాకా తడిసేయండి. ఈదుకుంటానే వచ్చేం.”

“ఏటిలో తడవడం ప్రయాణం. వరదలో తడవడం బాధ. ఆ రెంటినీ కలపకూడదమ్మా.”

పోయిన ఏడాది ఎక్కడో ఎవరో ఎండలో నిలబడ్డ గేదెకు వరద గడ్డి తినిపించేశారట. ఆ అన్యాయం మళ్ళీ జరగకుండా ఈ పుస్తకం పుట్టింది. అందులో పేరా నాలుగు మొత్తం చిదానందం గారు స్వహస్తాలతో రాసిందే. దానికి పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం కూడా వచ్చింది. అయితే ఆయన దయలేని మనిషి కాదు. గేదెలన్నిటినీ వెనక్కి తోలక్కరలేదనీ, రైతుకొకటి చొప్పున ‘ప్రాతినిధ్య పశువు’ను లంకకు తీసుకెళ్ళి నీళ్ళలో నిలబెడితే చాలనీ వెసులుబాటు ఇచ్చారు.

అలా దొంతులంక చరిత్రలో మొదటిసారి, వరద ముదురుతుంటే నలభై గేదెలు గట్టు దిగి లంకలోకి వెళ్ళాయి. పల్లాలమ్మ తరఫున బొల్లి వెళ్ళింది. పాయలో దిగబోయే ముందు అది వెనక్కి తిరిగి పల్లాలమ్మ వంక చూసింది. ఇంతకాలం దారి చూపించిన గేదెకు ఈ దారి అర్థం కాలేదు.

“నడవ్వే తల్లీ,” అంది పల్లాలమ్మ. “మనం ఇంకా బాధ పడలేదంట.”

మధ్యాహ్నానికి మోటారు పడవలో తనిఖీ బృందం వచ్చింది. పల్లాలమ్మ పశువులపాకలో నీళ్ళు బొల్లి ముందుకాళ్ళ కీళ్ళను తాకుతున్నాయి. సూరిబాబు కొలబద్ద నీళ్ళలో పెట్టాడు. మోకాలు ఎక్కడో చూపించమని చిదానందం గారు డాక్టరమ్మను అడిగారు. అడగకపోతే బాగుండేది.

“సార్, ముందుకాలికి మోకాలని మనం అనుకునేది నిజానికి మణికట్టు,” అంది ఎస్తేరు. “అసలు మోకాలు వెనక కాలికి ఉంటుంది. పైన, పొట్ట దగ్గర.”

చిదానందం గారు చాలాసేపు బొల్లి కాళ్ళ వంక చూశారు. ఇన్నేళ్ళ సర్వీసులో గేదె ఆయన్ని ఇంత మోసం చేస్తుందనుకోలేదు. “ఇది విధానపరమైన అంశం. మన స్థాయిలో తేలదు,” అని పడవ తిప్పించి, మోకాలు విషయమై వివరణ కోరుతూ పై ఆఫీసుకు రాశారు.

మర్నాడు జవాబు వచ్చింది. ‘మార్గదర్శకాలలో మోకాలు అని ఉన్న ప్రతి చోటా మోకాలు అనియే చదువుకొనవలెను.’ ఈ స్పష్టత అందేలోపు నీళ్ళు బొల్లి పొట్ట దాటేశాయి. మోకాలు ఎక్కడున్నా మునిగినట్టే కనుక ఆ పేచీ ఇక లేదు. పల్లాలమ్మ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు చిదానందం గారు పుస్తకంలో మరో పేజీ తిప్పారు.

“పేరా నాలుగు, చిన్న ఇ. వరద వలన కలిగిన బాధ పశువు ముఖమునందు స్పష్టముగా కనిపించు ఫొటో జతపరచవలెను.”

సూరిబాబు ఫోను ఎత్తాడు. బొల్లి మెడ వరకూ నీళ్ళలో కూర్చుని, కళ్ళు అరమూసి, తీరిగ్గా నెమరు వేస్తోంది. దాని నెత్తిమీద ఒక కొంగ కూర్చుని ఉంది. అప్పుడే బొల్లి ముక్కులోంచి ఒక పొడుగాటి ఊపిరి వదిలింది. అది విన్నవాళ్ళకెవరికైనా ఆ క్షణంలో ఉద్యోగం మానేసి నీళ్ళలో దిగాలనిపిస్తుంది.

“ఈ పశువు సంతోషంగా ఉంది,” అన్నారు చిదానందం గారు.

“గేదె కదండి,” అన్నాడు గనిరాజు. “నీళ్ళు కనబడితే కూచుంటాది. అంతమాత్రాన దాని పాక ములిగిపోలేదంటారా?”

“పాక సంగతి గృహనిర్మాణం వాళ్ళది. నేను చూడవలసింది ముఖం.” ఆయన కాగితం మీద రాసుకున్నారు. ‘ఐచ్ఛిక జలవిహారం. తిరస్కరించడమైనది.’

సాయంత్రానికి నలభై గేదెలకూ అదే ముద్ర పడింది, అవన్నీ మళ్ళీ గట్టెక్కాయి.

ఆ రోజు నుంచి దొంతులంక రైతులు చేసిన పని, వాళ్ళ ముత్తాతలెవరూ చెయ్యలేదు. గేదెల్ని ఏడిపించడానికి కూర్చున్నారు. ఒకాయన తన గేదె ముందు వేపాకు పసరు పెట్టాడు. అది నాకి, ఇంకా ఉందా అన్నట్టు చూసింది. ఒకావిడ తన గేదె మెడ కావలించుకుని నిజంగానే భోరుమంది. గేదె ఆవిడ చెంప నాకేసరికి ఆవిడకి కితకితలు పుట్టి నవ్వొచ్చేసింది. ఆ నవ్వు కూడా ఫొటోలో పడింది. గనిరాజు కర్ర పట్టుకుని బొల్లిని ఉరిమి చూశాడు. బొల్లి ఆవలించింది.

“దీని మొహం ఎప్పుడూ ఇంతేనండి,” పల్లాలమ్మ డాక్టరమ్మతో మొరపెట్టుకుంది. “మా అత్తగారు పోయిన్రోజు కూడా ఇదే మొహం. ఆవిడే పెంచింది దీన్ని. మూడ్రోజులు మేత ముట్టలేదు. మొహం మటుకు ఇదే.”

ఎస్తేరు గట్టు మీద గుడారం కింద పడుకున్న కర్రి దగ్గరికి వెళ్ళి దాని డొక్క తడిమింది. గడ్డి లేక మూడు రోజులైంది. అరటితోటల్లో మునగని నాలుగు బొందలు నరుక్కొచ్చి పెడుతున్నారు కానీ, చూడి గేదెకు అరటిబొంద ఏ మూలకు. లేపితే లేస్తోంది, లేచి గోదాం వైపు తిరిగి నిలబడుతోంది. రేకుల సందుల్లోంచి గడ్డి వాసన వస్తుంటే ముట్టె ఎత్తి వాసన చూస్తోంది. అది చూడలేక పల్లాలమ్మ అటు వీపు పెట్టి కూర్చుంటోంది.

“తాళం బద్దలుకొట్టేద్దారే,” అన్నాడు గనిరాజు.

“కొడితే పోలీసులొచ్చి నిన్ను పట్టుకెళ్తారు. గేదిని నేనొక్కదాన్నీ చూసుకోవాలి. కూకో.”

ఫిర్యాదులు ఎక్కువైతే చిదానందం గారు కమిటీ వేశారు. దాని పేరు ‘పశు ముఖకవళికల నిర్ధారణ కమిటీ’. అధ్యక్షులు ఆయన, సభ్యురాలు ఎస్తేరు, కన్వీనరు సూరిబాబు. గట్టు మీద షామియానా వేసి, కుర్చీలు వేసి, మొదటి కేసుగా బొల్లిని పిలిచారు. దాన్ని అరగంట ఎదురుగా నిలబెట్టి పరిశీలించాలని నిర్ణయం. గేదెకు ఇబ్బంది కలగకుండా ఉండేందుకు సభ్యులు దాని కళ్ళలోకి సూటిగా చూడకూడదని కూడా తీర్మానించారు.

నాలుగు రోజులుగా సరైన మేత లేని బొల్లి తల వాల్చింది. చెవులు జారాయి. కంటి కొసల నుంచి నీరు కారి నల్లని చెంప మీద చార కట్టింది. ఈగలు వాలితే తోక కూడా ఆడించలేదు.

“సార్, బాధగా ఉంది,” అంది ఎస్తేరు మెల్లగా.

“అవును, అవును, స్పష్టంగా ఉంది,” చిదానందం గారి మొహం వెలిగింది. కమిటీ వేసిన మొదటి రోజే ఫలితం రావడం ఆయన సర్వీసులో ఎప్పుడూ జరగలేదు. “రాసుకో సూరిబాబూ. ఇంతకీ డాక్టరుగారూ, కారణం ఏమని రాద్దాం?”

ఎస్తేరు చదువుకున్నది వైద్యం. కారణం అడిగితే ఉన్నదే చెప్పడం తప్ప ఆమెకు ఇంకోటి రాదు. “ఆకలి సార్,” అంది.

చిదానందం గారి కలం ఆగిపోయింది. షామియానా కింద ఉన్నవాళ్ళంతా ఆయన వంక చూశారు.

“ఆకలా?” అన్నారు ఆయన నిట్టూరుస్తూ. “ఆకలి కరువు విభాగం కిందకు వస్తుందండీ. మనది వరద. వాళ్ళ కౌంటరు వేసవిలో తెరుస్తారు. అప్పుడు తప్పకుండా దరఖాస్తు చేసుకోమనండి.”

పల్లాలమ్మకు అప్పటిదాకా భయమే ఉంది. అప్పుడు మటుకు ఒళ్ళు మండిపోయింది. లేచి వచ్చి బల్ల ముందు నిలబడింది. “బాబుగారూ, మా గేది రేకు సందులోంచి మీ గడ్డిని చూసింది. గడ్డి ఎక్కడుందో దానికి తెలిసింది. దాని మొహంలో ఏవుందో మీకు తెలవట్లేదా?”

“తెలియడం వేరు, నిర్ధారణ వేరు,” అన్నారు చిదానందం గారు. ఆయన కోపంగా అనలేదు. అదే పల్లాలమ్మకు ఇంకా కష్టమనిపించింది. ఆ సాయంత్రం ఎస్తేరు తన కారులోంచి బెల్లపు దిమ్మ ఒకటి తెచ్చి, ఎవరూ చూడకుండా కర్రి ముందు పెట్టి వెళ్ళింది. కర్రి దాన్ని సగం నాకి, తల పక్కకు వాల్చేసింది.

అయిదో రోజు చిదానందం గారు మరో అవకాశం ఇచ్చారు. గట్టు మీద గేదెకు ఆకలి వేస్తోంది కనుక, లంకలోనే సహజ వాతావరణంలో తుది ఫొటోలు తీస్తామన్నారు. పల్లాలమ్మ మళ్ళీ బొల్లి తోక పట్టుకుని పాయలో దిగింది. బొల్లి ఈత మందగించింది. ఒక చోట తల నీళ్ళలోకి జారితే పల్లాలమ్మ తోక వదిలి, ముందుకు ఈది దాని గడ్డం ఎత్తి పట్టుకుంది. అయినా అది పాక చేరింది, నీళ్ళలో కూర్చుంది, కళ్ళు అరమూసింది.

తనిఖీ పడవ ఎదురుగా వస్తూ గుర్రపుడెక్కలో చిక్కుకుంది. మోటారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగి, మునిగిన కొబ్బరి మోడుకు తగిలి ఒరిగింది. పడవవాడు ఈదేశాడు. సూరిబాబు పక్కనే ఉన్న కొబ్బరిచెట్టును కరుచుకున్నాడు, ఒక చేత్తో చెట్టు, ఒక చేత్తో ఫోను. చిదానందం గారికి ఏమీ దొరకలేదు. శాఖ ఇచ్చిన టాబ్లెట్టు, దానిలోని నలభై గేదెల మొహాలు, ఆయన బూట్లు ఒకదాని తర్వాత ఒకటి గోదావరిలో కలిసిపోయాయి. ఆయన మెడ వరకూ నీళ్ళలో చేతులు కొట్టుకుంటున్నారు.

పల్లాలమ్మ ఆలోచించలేదు. ఆ తర్వాత ఎవరైనా అడిగితే, ఆలోచిస్తే వెళ్ళేదాన్ని కాదేమో అనేది నవ్వుతూ. బొల్లి మెడ తట్టింది. బొల్లి లేచి, ఎవరూ చెప్పకుండానే ఆయన పక్కకు వెళ్ళి తోక అందించినట్టు తిరిగింది.

“తోక పట్టుకోండి.”

“లాగుతుందేమో,” అన్నారు ఆయన నీళ్ళు మింగుతూ.

“లాగుద్దండి. అందుకే పట్టుకోమంటన్నాను.”

చిదానందం గారు రెండు చేతులతో తోక పట్టుకున్నారు. బొల్లి ఉన్న ఓపికంతా కూడదీసుకుని గట్టు వైపు ఈదింది. సూరిబాబు చెట్టు మీదనుంచి ఇదంతా చూశాడు. అయిదు రోజులుగా నీళ్ళలో ఏది కనిపిస్తే దాన్ని ఫొటో తీస్తున్న చెయ్యి కనుక, దానంతట అది లేచి నొక్కేసింది. చిదానందం గారికి కెమెరా కనిపించింది. పాపం, పెదాలు విచ్చుకున్నాయి.

గట్టెక్కాక ఆయన పళ్ళు టకటకలాడుతుంటే గనిరాజు తన పొడి లుంగీ, తువ్వాలు ఇచ్చాడు. పల్లాలమ్మ వేడివేడి గంజిలో ఉప్పేసి ఇచ్చింది. గడ్డి మాట ఎత్తలేదు. ఆయన గంజి తాగుతున్నంతసేపూ తల ఎత్తలేదు. ఆయన మనసులో ఏదో మెదిలే ఉంటుంది. కానీ మనసులో మెదిలినదాన్ని కాగితం మీద పెట్టడానికి ఆయన దగ్గర ఏ పేరా లేదు.

పేరా మర్నాడు పుట్టింది. శాఖ టాబ్లెట్టు పోయింది కనుక, తనను ‘వరద బాధిత ఉద్యోగి’గా గుర్తించమని ఆయన పై ఆఫీసుకు రాసుకున్నారు. రుజువుగా ఉన్న ఒక్క ఫొటోనూ సూరిబాబు జతచేశాడు. మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చింది. ఆయన కళ్ళజోడు కూడా ఏట్లో పోవడంతో సూరిబాబే షామియానా కింద నలుగురి ముందూ గట్టిగా చదివాడు.

“ఫొటోను నిశితముగా పరిశీలించడమైనది. సదరు ఉద్యోగి ముఖమునందు బాధ కనిపించలేదు. పైపెచ్చు ఆనందము ప్రస్ఫుటముగా ఉన్నది. తామే రూపొందించిన పేరా నాలుగు, చిన్న ఇ ప్రకారం దీనిని ఐచ్ఛిక జలవిహారముగా భావించడమైనది. ప్రభుత్వ ఆస్తితో జలవిహారమునకు దిగి, దానిని పోగొట్టినందుకు మూడు రోజులలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.”

గనిరాజు మెడ చాచి సూరిబాబు ఫోనులోకి తొంగిచూశాడు.

“నవ్వుతానే ఉన్నారు కదండి,” అన్నాడు.

“మొహం అలా ఉందయ్యా,” అన్నారు చిదానందం గారు. “లోపల నాకు ప్రాణం పోతోంది. పైకి ఎలా కనిపిస్తే ఏం, లోపల ఏడుస్తున్నాను నేను.”

పల్లాలమ్మ గుడారం దగ్గర కర్రి పక్కన కూర్చుని ఉంది. అక్కడినుంచే అంది. “మా బొల్లీ అంతేనండి.”

చిదానందం గారు ఆమె వంక చూశారు. తర్వాత బొల్లి వంక చూశారు. బొల్లి మొహం ఎప్పటిలాగే ఉంది.

గంటలో ఆయన కొత్త ఉత్తర్వు ఒకటి రాసి ఆమోదానికి పైకి పంపారు. ‘ముఖకవళికలు బాధకు ప్రమాణము కాజాలవు. బాధ లోలోపల ఉండు అవకాశము కలదు. ఈ సవరణ మనుషులకు, పశువులకు సమానముగా, వరద మొదటి రోజు నుండి వర్తించును.’ ఇలాంటివి పై ఆఫీసులో ఆరు నెలలు నానడం రివాజు. కానీ అక్కడి పెద్దల్లో కూడా ఫొటోలలో నవ్వే అలవాటున్నవాళ్ళే ఎక్కువ. ఎవరి వరద ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు. మర్నాడు పొద్దుటికల్లా ఆమోదం వచ్చేసింది.

గోదాం తాళం తీస్తుంటే గట్టు మీద నలభై కుటుంబాలూ వరస కట్టాయి. పల్లాలమ్మ మటుకు వరసలో లేదు. తెల్లవారుజాము నుంచీ కర్రికి నొప్పులు. లేవలేక, పడుకోలేక పెనుగులాడుతోంది. ఎస్తేరు కోటు చేతులు మోచేతుల దాకా మడిచి మోకాళ్ళ మీద కూర్చుంది. గనిరాజు గేదె తల ఒళ్ళో పెట్టుకుని ఏదేదో మాట్లాడుతున్నాడు. పల్లాలమ్మ ఏ దేవుడికీ మొక్కలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని గట్టు వాలులోని ఆ చోటు గుర్తు రాకుండా చూసుకుంటోంది.

“వచ్చింది,” అంది ఎస్తేరు. దూడ ముక్కులో వేలు పెట్టి తుడిచింది. ఇంకోసారి తుడిచింది. దూడ తుమ్మింది.

పల్లాలమ్మ ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఆమె మొహం చూసి ఏ కమిటీ అయినా ఏమీ నిర్ధారించలేకపోయేది. సూరిబాబు పరుగున గడ్డి మోపు తెచ్చి కర్రి ముట్టె ముందు విప్పాడు. కర్రి ఒక పోచ లాక్కుంది, నమిలింది, ఇంకోటి లాక్కుంది. నములుతున్నదల్లా ఆగి ఆగి దూడను నాకుతోంది. బొల్లి కూడా మెల్లగా వచ్చి మోపులో మూతి పెట్టింది.

చిదానందం గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. కాళ్ళకు గనిరాజు చెప్పులున్నాయి. పేజీలో ‘గుబ్బల పల్లాలమ్మ, పశువులు మూడు’ అని ఉంది. ఆయన వేలితో లెక్కపెట్టారు. బొల్లి, పడ్డ, కర్రి. తర్వాత వేలు కింద పాకుతున్నదాని దగ్గర ఆగింది.

“నాలుగోది రిజిస్టరులో లేదే. ఇది గట్టు మీద పుట్టింది.” అలవాటు మనిషిని అంత తొందరగా వదలదు. “మరి ఇది తడిసిన పశువేనా?”

దూడ ఒళ్ళంతా తడిసి ముద్దై మెరుస్తోంది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారుతుంటే, ఏది మోకాలో దానికే తెలియకుండా లేవడానికి చూస్తోంది. పల్లాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“తడిసే వచ్చిందండి,” అంది. “దాన్నెవరూ ఇష్టమా అని అడగలేదు.”

చిదానందం గారు కలం తీసి, మూడు కొట్టేసి నాలుగు వేశారు.